బత్తాయి తొక్క పెక్టిన్, నూకల స్టార్చ్‌తో తినే ఫిల్మ్: మేలో పగులుతోంది, ఆగస్టులో అంటుకుంటోంది

నూకలబస్తా (నల్లగొండ) అడుగుతున్నది:

అందరికీ నమస్తే. నల్లగొండ జ్యూస్ సెంటర్ల నుంచి బత్తాయి తొక్క, మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి నూకలు, రెండూ మాకు దగ్గర్లనే దొరుకుతయి. వీటితోని పల్లిపట్టి ముక్కల నడుమ వేసే, పట్టితోపాటే తినేసే పలుచని ఫిల్మ్ చేయాలనుకుంటున్నం. ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇది.

లీటరు నీళ్లల్ల 40 గ్రాముల బియ్యం స్టార్చ్, 10 గ్రాముల పెక్టిన్ (జామ్‌ను గడ్డకట్టించే జిగురు పదార్థం, తొక్క నుంచి మేం తీసిందే), 20 గ్రాముల గ్లిజరిన్, 5 గ్రాముల సిట్రిక్ యాసిడ్. అన్నీ ఒకే గిన్నెల వేసి 95 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉడికిస్తం. స్టీలు ట్రేలల్ల పోసి డాబా మీద ఎండకు పెడతం.

ఇబ్బందులు: మేలో లేపుతుంటేనే అద్దం ముక్కల లెక్క పగులుతది. అదే ఫిల్మ్ వానాకాలంల చేతికి అంటుకుంటది, పైన నూనె రాసినట్టు జిడ్డు తేలుతది. పగలని రోజు కూడా కొంచెం గుంజితే చినిగిపోతది. లోపల బుడగలు, చిన్న చిన్న ఉండలు. అంచులు పైకి లేస్తయి. డబ్బాల పెడితే బూజు పడుతది.

కాల్షియం క్లోరైడ్ కలిపితే గట్టిపడుతదని విన్న, నిజమేనా? ఎంత తొక్కకు ఎంత ఫిల్మ్ వస్తది? ప్లాస్టిక్ కవర్ మొత్తమే తీసేయొచ్చా? తెలిసినోళ్లు కొంచెం వివరంగ చెప్పండి.

ల్యాబ్‌కోటు:

ఇబ్బందులు చాలానే రాశారు గానీ మూలాలు మూడే కనిపిస్తున్నాయి: గాలిలో తేమ, గిన్నెలో యాసిడ్, ఆరబెట్టే తీరు.

మొదట తేమ. స్టార్చ్, పెక్టిన్ లాంటి వాటితో చేసిన ఫిల్మ్‌కు మెత్తదనం ఇచ్చేది గ్లిజరిన్ ఒక్కటే కాదు, అందులో మిగిలిన నీళ్లు కూడా. మే మధ్యాహ్నం మన దగ్గర గాలిలో తేమ 25 శాతానికి, ఒక్కోరోజు అంతకన్నా కిందికి దిగుతుంది. ఆ గాలికి ఫిల్మ్ తన నీళ్లు వదిలేస్తుంది, గాజులా పెళుసవుతుంది. ఆగస్టులో తేమ 75–80 శాతానికి పోతే గ్లిజరిన్ ఆ తేమను లోపలికి గుంజుతుంది. మీ లెక్కలో 50 గ్రాముల పొడి పదార్థానికి 20 గ్రాములు, అంటే 40 శాతం గ్లిజరిన్ ఉంది. అది ఎక్కువ. స్టార్చ్‌లోని పొడవాటి అణువుల గొలుసులు రోజులు గడిచేకొద్దీ మళ్లీ దగ్గరికి జరిగి బిగుసుకుంటాయి, పట్టలేని గ్లిజరిన్‌ను బయటికి తోసేస్తాయి. మీరు చూస్తున్న జిడ్డు అదే. ఎండాకాలంలో పగుళ్లు చూసి గ్లిజరిన్ పెంచడం, వానాకాలంలో తగ్గించడం మొదలుపెడితే ఆ ఆటకు అంతు ఉండదు. పాళ్లు ఒకచోట నిలపండి, మార్చాల్సింది గదిని.

మొత్తం మెత్తదనం పాళ్లు పొడి బరువులో 28–30 శాతానికి తెచ్చి, అందులో గ్లిజరిన్ 60 వంతులు, సార్బిటాల్ (చక్కెర లాంటి తీపి పొడి) 40 వంతులు వేయండి. సార్బిటాల్ గ్లిజరిన్ అంతగా తేమ గుంజదు. అలాగని మొత్తం సార్బిటాలే వేస్తే కొన్నాళ్లకు ఫిల్మ్ మీద తెల్లటి స్ఫటికాలు తేలతాయి.

రెండోది యాసిడ్. గుంజితే చినిగిపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. స్టార్చ్‌ను పుల్లటి నీళ్లలో 95 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉడికిస్తే దాని గొలుసులు తెగిపోతాయి. పొట్టి గొలుసులతో గట్టి ఫిల్మ్ రాదు. పోనీ యాసిడ్ తీసేసి ఉడికిద్దామా అంటే పెక్టిన్‌ది తిరకాసు స్వభావం: అది పులుపులో నిలబడుతుంది, పీహెచ్ 5 దాటిన వేడి నీళ్లలో విరిగిపోతుంది. ఒకదానికి పడనిది ఇంకొకదానికి కావాలి. అందుకే రెండింటినీ ఒకే గిన్నెలో ఉడికించకూడదు.

వెయ్యి గ్రాముల ద్రావణానికి నా సూచన: పెక్టిన్ 20, బియ్యం స్టార్చ్ 15, గ్లిజరిన్ 6, సార్బిటాల్ 4 గ్రాములు, మిగతా నీళ్లు.

ఒక గిన్నెలో 450 గ్రాముల మామూలు నీళ్లు, స్టార్చ్, సార్బిటాల్. కలుపుతూ 90 డిగ్రీలకు తెచ్చి 20 నిమిషాలు ఉంచండి. బియ్యం స్టార్చ్ 70–78 డిగ్రీల మధ్య ఉబ్బి చిక్కబడుతుంది, 90కి పోనిస్తే దాని రేణువులు పూర్తిగా విడిపోతాయి. ఆవిరైన నీళ్లు తూకం వేసి మళ్లీ పోయండి.

ఇంకో గిన్నెలో మిగతా నీళ్లు 65 డిగ్రీలకు వేడి చేయండి. పెక్టిన్ పొడిని ముందే గ్లిజరిన్‌లో తడిపి ముద్ద చేసుకుని, సుడి తిరిగే నీళ్లలో కొద్దికొద్దిగా వదలండి. పొడిగా చల్లితే పైపొర జిగురై లోపల పొడి అలాగే ఉండిపోతుంది, మీ ఉండలు అవే. పీహెచ్ 3.5 దగ్గర ఉంటే చాలు. పెక్టిన్ తన పులుపుతోనే దాదాపు అక్కడికి వస్తుంది, విడిగా సిట్రిక్ యాసిడ్ అక్కర్లేదు.

స్టార్చ్ గిన్నె 65 డిగ్రీలకు దిగాక రెండూ కలపండి. మిక్సీ వాడొద్దు, నురుగొస్తే ఫిల్మ్ నిండా బుడగలే. చిన్న వాక్యూమ్ పంపు ఉంటే మేలు. లేకపోతే మూత పెట్టి 60 డిగ్రీల దగ్గర అరగంట కదపకుండా ఉంచి, సన్న నైలాన్ గుడ్డలో వడకట్టి పోయండి.

ఎంత పోయాలో లెక్క: ఎండిన ఫిల్మ్ సాంద్రత ఇంచుమించు 1.4. 60 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కావాలంటే చదరపు మీటరుకు 84 గ్రాముల ఫిల్మ్. 20×30 సెంటీమీటర్ల ట్రేకు 5 గ్రాములు. అందులో 12 శాతం నీళ్లు తీసేస్తే 4.4 గ్రాముల పొడి పదార్థం. ఈ ద్రావణంలో పొడి పదార్థం 4.5 శాతం కాబట్టి ట్రేకు సుమారు 100 గ్రాములు పోయాలి. లీటరుకు పది ట్రేలు. కళ్లతో అంచనా వేయకుండా ట్రేను కాటా మీద పెట్టి పోయండి, మేస్త్రీలు వాడే లెవెల్‌తో బల్ల మట్టం చూసుకోండి. ఒక వైపు వాలితే ఒక అంచు 90 మైక్రాన్లు, ఇంకో అంచు 40 అవుతుంది, చిరుగు ఎప్పుడూ పలుచని వైపే మొదలవుతుంది.

స్టీలు ట్రే మీద నేరుగా పోయకండి, పెక్టిన్ గట్టిగా పట్టుకుంటుంది. టెఫ్లాన్ పూత ఉన్న గుడ్డ పరచండి.

ఇక డాబా మీద ఎండ వద్దు. దుమ్ము, ఈగల సంగతి పక్కన పెట్టినా, ఎండకు పైపొర ముందు గట్టిపడుతుంది, అడుగు తడిగానే ఉంటుంది. ఆ పైపొర ముడుచుకుంటూ అంచులను లేపుతుంది. ఫ్యాన్ ఉన్న డ్రయ్యర్‌లో 40–45 డిగ్రీలు, గాలి నెమ్మదిగా. ఫిల్మ్‌లో తేమ 12–15 శాతం ఉండగానే లేపాలి. మరీ ఎండనిస్తే లేపేటప్పుడే పగులుతుంది. లేపిన ఫిల్మ్‌ను 50–55 శాతం తేమ ఉన్న గదిలో రెండు రోజులు ఉంచాకే కోయండి. మేలో ఆ తేమ కోసం ఖర్చేమీ అక్కర్లేదు, గడ్డి మెత్తల కూలర్ ఒకటి, గోడకు తేమ చూపే మీటరు ఒకటి చాలు. వానాకాలంలో మాత్రం ఏసీ గానీ డీహ్యుమిడిఫయర్ గానీ తప్పదు.

ఎండుతొక్క:

పైన చెప్పిందంతా పెక్టిన్ మంచిదైతేనే. మీ పెక్టిన్ మీద నాకు అనుమానం ఉంది. ముందు బజారులో ఫుడ్ గ్రేడ్ సిట్రస్ పెక్టిన్ అర కిలో కొని అదే పాళ్లతో ఒక ఫిల్మ్ చేయండి. అది బాగా వచ్చి మీది రాకపోతే లోపం తొక్క దగ్గర ఉన్నట్టు. రెండూ ఒకేసారి కుదురుద్దామంటే ఏది చెడిందో తెలియదు.

మన సాత్‌గుడి బత్తాయి వృక్షశాస్త్రం లెక్కలో తీపి నారింజే, సిట్రస్ సైనెన్సిస్. పెక్టిన్ ఉండేది లోపలి తెల్ల పొరలో. పైన పసుపు పొరలో ఉండేది నూనె, అది ఫిల్మ్‌లో చుక్కలుగా తేలుతుంది. వీలైనంత గీకి తీసేయండి.

తొక్క జ్యూస్ సెంటర్‌లో పొద్దంతా గోనెసంచిలో మగ్గితే సగం పని అక్కడే పాడవుతుంది. తొక్కలోని ఎంజైములు పెక్టిన్‌ను కొరికేస్తాయి. పిండిన నాలుగైదు గంటల్లోపు 95 డిగ్రీల నీళ్లలో 5 నిమిషాలు ముంచి తీయాలి. తర్వాత 50–60 డిగ్రీల నీళ్లతో రెండు మూడుసార్లు కడిగితే చక్కెర, చేదు పోతాయి. బత్తాయి చేదు ఎక్కువగా లిమోనిన్‌ది, అది పండు పిండిన కాసేపటికి బయటపడుతుంది. ఈ కడుగుడు మానేస్తే పల్లిపట్టి తిన్నవాళ్లు బెల్లం చేదెక్కిందనుకుంటారు. పిండి, 55–60 డిగ్రీల దగ్గర తేమ 10 శాతం లోపుకు ఆరబెట్టి, రవ్వలా మరాడించండి. మెత్తటి పిండి చేస్తే వడకట్టడం నరకం.

కిలో ఎండు రవ్వకు 25–30 లీటర్ల నీళ్లు. సిట్రిక్ యాసిడ్ లీటరుకు 25–30 గ్రాములు వేస్తే పీహెచ్ 2 దగ్గరికి వస్తుంది. ఇంకా కిందికి దించాలంటే ఫుడ్ గ్రేడ్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ కావాలి, అది స్టీలును తింటుంది కాబట్టి మొదట్లో దాని జోలికి పోవద్దు. అల్యూమినియం గిన్నెలు రెండింటికీ పనికిరావు. 85 డిగ్రీలు, 60–75 నిమిషాలు. ఇంకాసేపు ఉడికిస్తే ఇంకొంచెం వస్తుందని ఆశపడొద్దు, వచ్చేది విరిగిన పెక్టిన్. తూకం పెరుగుతుంది, బలం పోతుంది.

వేడిగా ఉండగానే మస్లిన్‌లో, తర్వాత సన్న గుడ్డలో వడకట్టి, 40 డిగ్రీల కిందికి చల్లార్చి, ఒకటిన్నర నుంచి రెండింతలు ఆల్కహాల్ పోయండి. దారాలు దారాలుగా తేలుతుంది. గంట రెండు గంటలు ఆగి పిండండి. 70 శాతం ఆల్కహాల్‌తో రెండుసార్లు కడగాలి. ఈ కడుగుడులోనే యాసిడ్ పోతుంది. అది మిగిలితే ఎండేటప్పుడు పెక్టిన్ గోధుమ రంగుకు తిరుగుతుంది, స్టార్చ్‌తో కలిసినప్పుడు దాన్నీ కోస్తుంది. 45–50 డిగ్రీల దగ్గర ఆరబెట్టి 60 మెష్‌కు మరాడించండి.

ఎంత వస్తుందంటే, పచ్చి తొక్క 100 కిలోలు ఎండితే 20–25 కిలోలు. చిన్న యూనిట్‌లో దానిమీద 10–15 శాతం పెక్టిన్ ఆశించొచ్చు, అంటే 2 నుంచి 4 కిలోల లోపు. ల్యాబ్‌కోటు గారి పాళ్లలో కిలో పెక్టిన్‌కు ఎండిన ఫిల్మ్ రెండున్నర కిలోలు, 60 మైక్రాన్ల మందంలో సుమారు 30 చదరపు మీటర్లు. అంచులు కోసి పారేసేది తీసేస్తే 27 అనుకోండి.

నూకల సంగతి ఒక్క మాట: నూకలు నానబెట్టి రుబ్బి పిండి తేర్చినంత మాత్రాన స్టార్చ్ కాదు. అందులో 7–8 శాతం ప్రొటీన్ ఉంటుంది. 0.2 శాతం కాస్టిక్ సోడా నీళ్లలో 18–24 గంటలు నానబెట్టి, రుబ్బి, 200 మెష్ జల్లెడ పట్టి, రాత్రంతా తేర్చి, పైన పేరుకున్న పసుపు పొరను గీకేయాలి. నీళ్లతో కడిగి పీహెచ్ 7కు తెచ్చి ఆరబెట్టాలి. బియ్యం స్టార్చ్ రేణువులు చాలా చిన్నవి, తొందరపడి నీళ్లు వంచితే స్టార్చ్ కూడా కాలవ పాలవుతుంది. ఇదంతా ఎందుకనుకుంటే మక్క స్టార్చ్ కొనుక్కోండి, ఫిల్మ్‌కు అదేం తక్కువ కాదు.

నూకలబస్తా:

చాలా థ్యాంక్స్ అన్నా. ఆల్కహాల్ దగ్గరనే ఆగుతున్నం. ఇథనాల్‌కు ఎక్సైజ్ పర్మిట్ అంటున్నరు. పెక్టిన్ తీయకుండ తొక్క గుజ్జుతోనే నేరుగా ఫిల్మ్ పోయరాదా? హైదరాబాద్‌ల జొన్న పిండితోని తినే చెంచాలు చేసిన్రు కదా, వాళ్లు ఏ ఆల్కహాల్ వాడిన్రు?

ఎండుతొక్క:

తమ్మీ, చెంచా లెక్క వేరు. నారాయణ పీసపాటి గారి బేకీస్ చెంచాలు జొన్న, బియ్యం, గోధుమ పిండి ముద్దను అచ్చులో పెట్టి బేక్ చేసినవి. ఒక రకంగా గట్టి బిస్కెట్. అక్కడ మందమే బలం. మీకు కావాల్సింది వెంట్రుక మందం పొర, అక్కడ గొలుసుల పొడవే బలం.

ఇథనాల్ బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చు. పెక్టిన్ తయారీలో అది మామూలే. అయితే పెక్టిన్‌లో మిగిలే మిథనాల్, ఇథనాల్, ఐసోప్రొపైల్ అన్నీ కలిపి 1 శాతం దాటొద్దని అంతర్జాతీయ ప్రమాణం. ఈ ఐసోప్రొపైల్ నిప్పుకు దగ్గరి చుట్టం, దీని ఆవిరి 12 డిగ్రీల నుంచే అంటుకోగలదు, మన ఊళ్లో చలికాలం పొద్దున కూడా సాధారణంగా అంతకన్నా వెచ్చగానే ఉంటుంది. గ్యాస్ పొయ్యి ఉన్న గదిలో ముట్టుకోవద్దు. వాడిన ఆల్కహాల్‌ను మళ్లీ బట్టీ పట్టి తీసుకోకపోతే ఈ వ్యాపారం గిట్టుబాటు కాదు, అది ముందే లెక్క వేసుకోండి.

గుజ్జు దారి ఉంది. కడిగిన తెల్ల పొరను ఉడకబెట్టి, కొలాయిడ్ మిల్లులో మెత్తగా చేసి పోస్తే మామిడి తాండ్రకు పలుచని తమ్ముడిలా వస్తుంది. పీచు ఉంటుంది కాబట్టి 120–150 మైక్రాన్ల కంటే పలుచన చేయలేరు, పారదర్శకంగా ఉండదు, కొంచెం గరుకు. పట్టి ముక్కల మధ్యకైతే పారదర్శకం ఎందుకు? మీ అవసరానికి ఇదే సరిపోవచ్చు. 30 శాతం దాకా కొన్న పెక్టిన్ కలిపితే చిరగడం తగ్గుతుంది.

పాలమూరు_పల్లి:

మహబూబ్‌నగర్ నుంచి. ఫిల్మ్ గురించి ఇద్దరూ చెప్పిండ్రు, పట్టి గురించి నేను చెప్త. ఏ సరుకు చుట్టాలన్నది ముందు తేల్చుకుంటేనే ఫిల్మ్ కుదురుతది.

పల్లిపట్టి చాలా పొడి సరుకు, నీటి చురుకుదనం (సరుకుల విడిగ కదిలే నీళ్ల కొలత, 0 నుంచి 1 దాకా) 0.3–0.4 దగ్గర ఉంటది. ఫిల్మ్‌ను 55 శాతం తేమల పెట్టి తెచ్చి పట్టి మీద వేస్తే అందులోని నీళ్లు పట్టిలకు పోతయి. బెల్లం పైన చెమర్చి ఫిల్మ్‌ను పట్టుకుంటది, ఫిల్మేమో ఎండి పెళుసవుతది. అందుకని కోసే దాకా 50–55 శాతంల ఉంచండి, పట్టికి వేసే ముందు రోజు మాత్రం 40–43 శాతానికి దించండి. పొటాషియం కార్బోనేట్ ముద్ద ద్రావణం (కరగక ఇంకా మిగిలేంత వేసింది) అడుగున పోసిన మూత డబ్బాల పెడితే 43 శాతం దానంతటదే నిలుస్తది. ద్రావణం ఫిల్మ్‌కు తగలొద్దు, గాలి మాత్రమే తగలాలె.

పాకం వేడి మీద వేయొద్దు. పట్టి 40 డిగ్రీల కిందికి దిగినంక, ముక్కలు కోసినంకనే. వేడి మీద వేస్తే ఫిల్మ్ ముడుచుకుని బెల్లంల కలిసిపోతది, మళ్ల ఊడదు.

ఈ ఫిల్మ్‌తోని నిజమైన లాభం అంటుకోకుండా చేసుడు ఒక్కటే కాదు. పల్లి నూనెను ఇది ఆపుతది, పొడిగ ఉన్నంతసేపు గాలిలోని ఆక్సిజన్‌ను కూడ బాగ ఆపుతది, అంటే పల్లి కనరెక్కుడు ఆలస్యమైతది. కాని నీటి ఆవిరిని ఆపదు. అక్కడ పాలిథిన్‌కు దరిదాపుల్లకు కూడ రాదు. కాబట్టి ప్లాస్టిక్ మొత్తమే తీసేయొచ్చా అన్నదానికి జవాబు: తీసేయలేరు. ఒక్కొక్క పట్టికి ఒక్కొక్క కవర్ పోయి, ఇరవై పట్టీలకు ఒక బయటి ప్యాకెట్ మిగులుతది. తినే ఫిల్మ్ మీద దుమ్ము, చేతులు పడొద్దు కాబట్టి కూడ ఆ బయటి ప్యాకెట్ ఉండాల్సిందే.

పచ్చడికి, రొట్టెకు, కోసిన పండ్లకు ఇది వాడదామని ఎవరన్నా అంటే వద్దనండి. తడి సరుకుల గంటల లెక్కన కరుగుతది. సూప్ పొడి, మసాలా పొడి పొట్లాలకు మంచిగుంటది, నీళ్లల్ల పొట్లంతోసహా వేసేయొచ్చు. ఉప్పు ఎక్కువున్న మసాలా అయితే వానాకాలంల ఉప్పే తేమ గుంజి పొట్లాన్ని మెత్తబరుస్తది.

ఇంకొకటి. పల్లి చెక్కల ప్రొటీన్ బాగుంటది, దానితోని ఫిల్మ్ చేద్దామని మా దిక్కు కొందరు అడుగుతుంటరు. ఫిల్మ్ వస్తది గాని అఫ్లాటాక్సిన్ (బూజు వదిలే విషం) పరీక్ష, పల్లి అలర్జీ హెచ్చరిక రెండూ వెంట వస్తయి. ఆముదం చెక్క మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, దాంట్ల రైసిన్ ఉంటది, అది విషం.

చింతగింజ:

పెక్టిన్‌కు ఆల్కహాల్ గోల ఉంది కాబట్టి ఒక పక్కదారి. చింతగింజ పప్పులో ఉండే జైలోగ్లూకాన్ అనే జిగురు పదార్థంతో ఫిల్మ్ చాలా నీటుగా వస్తుంది, ఉత్త స్టార్చ్ ఫిల్మ్ కంటే బాగా సాగుతుంది. గింజలను వేయించి పొట్టు పూర్తిగా తీయాలి. పొట్టులో వగరు, ఎర్ర రంగు ఉంటాయి, కొంచెం మిగిలినా ఫిల్మ్ గోధుమ రంగుకు వస్తుంది. పప్పు పొడి 20–25 గ్రాములు కొద్ది చల్లటి నీళ్లలో కలిపి, లీటరు మరిగే నీళ్లలో పోసి 20–30 నిమిషాలు ఉడికించి, రాత్రంతా తేర్చి, పైన తేటను మాత్రమే వాడాలి. అడుగున కూర్చునేది ప్రొటీన్, పీచు. తేటలో ఉన్న పొడి పదార్థానికి గ్లిజరిన్ 20–25 శాతం చాలు.

బట్టల గంజి కోసం అమ్మే చింతగింజ పొడి కొనకండి. అది తిండికి చేసింది కాదు, అందులో ఏ మందు కలుపుతారో మనకు తెలియదు. ఇంకో మాట, తినే సరుకులో ఈ పదార్థం వాడే ముందు మీ సరుకు వర్గానికి అనుమతి ఉందో లేదో ఎఫ్ఎస్ఎస్ఏఐ జాబితాలో చూసుకోండి.

నల్లమలలో చెంచులు ఏరే తపసి బంకతో కూడా అవుతుందా అని ముందే అడిగేస్తారు కాబట్టి: అది నీళ్లలో ఉబ్బుతుంది గానీ పూర్తిగా కరగదు, ఫిల్మ్ గరుగ్గా వస్తుంది, పుల్లటి వాసన కొడుతుంది. చిక్కదనానికి వాడుకోవచ్చు, ఒంటరిగా వద్దు.

ల్యాబ్‌కోటు:

కాల్షియం సంగతి మిగిలిపోయింది. కాల్షియం పట్టుకునేది పెక్టిన్ గొలుసులో మిథైల్ గుంపు లేని చోట్లను. పైన చెప్పిన పద్ధతిలో తీసిన బత్తాయి పెక్టిన్‌లో సగానికి పైగా చోట్ల ఆ గుంపు ఉంటుంది, కాబట్టి కాల్షియం క్లోరైడ్‌తో పెద్ద తేడా రాదు. మీది ఏ రకమో తెలుసుకోవడం సులువే. అర గ్రాము పెక్టిన్‌ను చుక్క ఆల్కహాల్‌తో తడిపి, 100 మిల్లీలీటర్ల మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, ఫినాఫ్తలీన్ (రంగు మారే సూచిక) వేసి 0.1 నార్మల్ కాస్టిక్ సోడాతో టైట్రేట్ చేయండి, అంటే లేత గులాబీ రంగు నిలిచేదాకా చుక్కచుక్కగా పోసి ఎంత పట్టిందో రాసుకోండి. అది మొదటి రీడింగ్. 20 మిల్లీలీటర్ల 0.5 నార్మల్ కాస్టిక్ సోడా వేసి బాగా కలిపి 15 నిమిషాలు ఆగండి, సరిగ్గా అంతే 0.5 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసి గులాబీ రంగు పోయేదాకా ఊపండి, మళ్లీ 0.1 నార్మల్‌తో టైట్రేట్ చేయండి. అది రెండో రీడింగ్. రెండోదాన్ని రెండింటి మొత్తంతో భాగించి 100తో గుణిస్తే ఎస్టర్ శాతం, అంటే మిథైల్ గుంపు ఉన్న చోట్ల శాతం. 50 దాటితే కాల్షియం మానేయండి. 50 లోపుంటే పనిచేస్తుంది, కానీ ద్రావణంలో నేరుగా పోస్తే అక్కడికక్కడే గడ్డకడుతుంది. ఎండిన ఫిల్మ్ మీద 1 శాతం ద్రావణం సన్నగా స్ప్రే చేసి మళ్లీ ఆరబెట్టాలి. ఎక్కువైతే చేదు. పల్లిపట్టికి ఇదేదీ అవసరం లేదు, నీళ్లలో నానే సరుకులకైతే ఆలోచించాలి.

బూజు గురించి. పొటాషియం సార్బేట్ వేయమని ఎవరైనా చెప్తే ముందు లెక్క చేయండి. ద్రావణంలో 0.1 శాతం కొంచెమే అనిపిస్తుంది. లీటరు ద్రావణం ఎండి 50 గ్రాముల ఫిల్మ్ అవుతుంది, అంటే ఆ ఒక్క గ్రాము ఫిల్మ్‌లో 2 శాతమై కూర్చుంటుంది. తొక్క మీద పురుగుమందు మిగిలి ఉంటే దాని కథా ఇలాంటిదే, అందుకే తొక్క తెచ్చే ప్రతి తోట, ప్రతి సీజన్ సరుకు ఒకసారి పరీక్షకు పంపండి. బూజుకు అసలు మందు నీటి చురుకుదనాన్ని 0.6 కింద ఉంచడం. 50–55 శాతం తేమలో ఉన్న ఫిల్మ్‌కు బూజు పట్టదు.

ఆవిరి ఎంత పోతుందో మీరే కొలుచుకోవచ్చు. చిన్న గాజు కప్పులో ఓవెన్‌లో ఎండబెట్టిన కాల్షియం క్లోరైడ్ సగానికి పోసి, మూతి మీద ఫిల్మ్ పరిచి అంచులు మైనంతో మూసి, అడుగున ముద్ద ఉప్పునీళ్లు ఉన్న పెద్ద డబ్బాలో పెట్టండి. ఉప్పునీళ్ల పైన తేమ 75 శాతం ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర గంట గంటకూ తూకం రాసి గ్రాఫ్ గీస్తే, గీత వాలును కప్పు మూతి వైశాల్యంతో భాగించినదే మీ సంఖ్య. పాళ్లు మార్చిన ప్రతిసారీ పాత ఫిల్మ్ ముక్క ఒకటి పక్క కప్పులో పెట్టండి, పోలిక లేకుండా ఒంటరి సంఖ్య దేనికీ పనికిరాదు. రిపోర్టు కావాల్సినప్పుడు హైదరాబాద్‌లో సిపెట్ (ప్లాస్టిక్‌లను పరీక్షించే కేంద్ర సంస్థ) ఉంది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ కేంద్రం ఉంది. ఆవిరికి ఏఎస్‌టీఎం ఈ96, గుంజుడు బలానికి డీ882 అని అడగండి.

నూకలబస్తా:

తినే ఫిల్మ్ అని ప్యాకెట్ మీద రాస్తే ఏ లైసెన్స్ కిందికి వస్తది? కంపోస్టబుల్ అని కూడ రాయొచ్చా?

పాలమూరు_పల్లి:

తినేదైతే అది ప్యాకింగ్ కాదు, తిండిల భాగమే. పల్లిపట్టి లేబుల్ మీద పదార్థాల్ల రాయాలె: పెక్టిన్ 440, గ్లిజరిన్ 422, సార్బిటాల్ 420, స్టార్చ్. ఒక్కొక్కటి ఫుడ్ గ్రేడ్ బిల్లుతోని కొని బిల్లులు ఫైల్‌ల పెట్టండి. మెడికల్ షాపు గ్లిజరిన్ సీసా చూపిస్తే ఇన్‌స్పెక్టర్ ఊకోడు. బయటి ప్యాకెట్‌కు 2018 ప్యాకేజింగ్ నియమాలు వర్తిస్తయి, దాంట్ల నుంచి సరుకులకు దిగే పదార్థాలు కిలోకు 60 మిల్లీగ్రాములు దాటొద్దు. కంపోస్టబుల్ మాట రాయకండి. ఆ మాటకు ఐఎస్ 17088 పరీక్ష, సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) సర్టిఫికెట్ ఉంటయి, అది కంపోస్టబుల్ ప్లాస్టిక్ చేసేటోళ్ల దారి, మీది కాదు.

ఫిల్మ్ షీట్ల నడుమ బటర్ పేపర్ పెట్టి, గాలి చొరబడని కవర్‌ల సీల్ చేసి, ఆ కవర్లను రేకు డబ్బాల పెట్టండి. అల్మారల ఊకెనే పెడితే చీమలు, ఎలుకలు మీ కంటే ముందు రుచి చూస్తయి.